సిక్స్ బెల్స్ గార్డియన్: 20 వేల ఉక్కు పట్టీల గని కార్మికుడు

(దృశ్యం: పచ్చని లోయ. మధ్యలో చేతులు చాచి నిలబడ్డ ఎర్రగోధుమ రంగు మనిషి. కెమెరా దూరం నుంచి మెల్లగా దగ్గరికి.)

వ్యాఖ్యానం:
దక్షిణ వేల్స్‌లో అబర్టిల్లరీ పట్టణం పక్కన సిక్స్ బెల్స్ అనే ఊరుంది. ఊరిని నడిపిన బొగ్గుబాయి 1988లో మూతబడింది. ఆ బాయి ఉన్న జాగాలోనే నిలబెట్టిన విగ్రహం ఇది. పేరు గార్డియన్, శిల్పి సెబాస్టియన్ బోయెసెన్. మనిషి ఎత్తు 12.6 మీటర్లు, కింద పీఠం 7.4 మీటర్లు, మొత్తం 20 మీటర్లు. అంటే దాదాపు ఆరంతస్తుల మేడంత.

దూరం నుంచి చూస్తే నిండైన ఉక్కు మనిషి. దగ్గరికి వెళ్తే ఒంటి నిండా సందులే, ఆకాశం అవతల నుంచి కనిపిస్తుంది. అలా ఎలా చేశారో చూద్దాం. ముందు ఆ బాయిలో ఏం జరిగిందో తెలియాలి.

(దృశ్యం: భూగర్భ సొరంగం అడ్డకోత బొమ్మ. రూఫ్ దగ్గర గ్యాస్ పొర, నేల మీద బొగ్గు పొడి.)

వ్యాఖ్యానం:
1960 జూన్ 28, ఉదయం 10:45 ప్రాంతం. ఓల్డ్ కోల్ సీమ్ అనే బొగ్గు పొరలో పశ్చిమ డిస్ట్రిక్ట్, అంటే గనిలో పడమటి భాగం. అక్కడ 48 మంది పనిలో ఉన్నారు. పేలుడులో 45 మంది చనిపోయారు.

రూఫ్ నుంచి ఊడిపడ్డ రాయి ఉక్కు దూలానికి తగిలి రవ్వ లేచిందని, ఆ రవ్వకే గనిలోని మీథేన్ గ్యాస్ అంటుకుని ఉంటుందని విచారణలో తేలింది. అన్ని రాళ్లకూ ఇలా కాదు. క్వార్ట్జ్ ఎక్కువున్న గట్టిరాయి ఉక్కును గట్టిగా రాసుకుంటే, ఆ రాపిడి చోట మీథేన్ అంటుకునేంత వేడి పుడుతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే పేలుతుంది. అంతకు తగ్గితే మంట సాగదు, పెరిగితే ఆక్సిజన్ చాలదు. గాలికంటే తేలిక కాబట్టి రూఫ్‌ను అంటిపెట్టుకుని పొరలా నిలుస్తుంది. గాలి సరఫరా మందగించిన చోట ఆ పొర చెదరదు.

అయితే ఇంతమందిని చంపింది మొదట అంటుకున్న గ్యాస్ ఒక్కటే కాదు. ఆ దెబ్బకు నేల మీది బొగ్గు పొడి పైకి లేచి, మంట దాన్ని పట్టుకుని సొరంగాల వెంబడి పరుగెత్తింది. సింగరేణి బాయిల్లో స్టోన్ డస్ట్ చల్లేది సరిగ్గా దీన్ని ఆపడానికే. సున్నపురాయి పొడి బొగ్గు పొడితో కలిసి లేచి, మంటలోని వేడిని తాగేస్తుంది. ఒకసారి చల్లి వదిలేస్తే చాలదు. దాని మీద రోజూ కొత్త బొగ్గు పొడి పేరుకుంటుంది, మళ్లీ మళ్లీ చల్లుతూనే ఉండాలి.

(దృశ్యం: విగ్రహం భుజం దగ్గర. ఒకదాని మీద ఒకటిగా అడ్డంగా పేర్చిన పట్టీలు, మధ్య సందులు.)

వ్యాఖ్యానం:
ఇప్పుడు తయారీకి వద్దాం. పోత పోసిన విగ్రహం కాదు ఇది. 20 వేలకు పైగా ఉక్కు పట్టీలను అడ్డంగా పేర్చి వెల్డింగ్ చేశారు. ఒంటి వంపు అడుగడుగునా మారుతుంది కాబట్టి పట్టీ వంపు కూడా దానితోపాటే మారాలి. ఇలాంటి పనిలో పెద్ద చిక్కు వెల్డింగ్ వేడి. పలచని పట్టీకి ఒకే వైపు వరుసగా వెల్డు కొడుతూ పోతే ఆ వైపుకే లాగేస్తుంది, ముఖం వంకరపోతుంది. అందుకే ముందు అక్కడక్కడా టాకాలు వేసి, కొలత చూసుకుని, వైపులు మార్చుకుంటూ పూర్తి చేయాలి.

ఉక్కు రకం కార్టెన్. దీనికి రంగు వేయరు. రాగి, క్రోమియం లాంటివి కొద్దిగా కలిసిన ఈ ఉక్కు మీద మొదట పట్టిన తుప్పు గట్టి పొరగా మారి లోపలి లోహాన్ని కాపాడుతుంది. దీనికి షరతు ఒకటే: తడవాలి, ఆరాలి, మళ్లీ తడవాలి. పొర కుదురుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. ఎప్పుడూ తడిగా ఉండే చోట పొర కుదరదు, మామూలు ఇనుములాగే పొలుసులు లేస్తుంది. అందుకే ఆకులు, మట్టి ఇరుక్కునే మూలలు, నీళ్లు నిలిచే గుంటలు ఉండకూడదు. సందులున్న శిల్పానికి గాలి ఆడటం ఇక్కడ కలిసొచ్చే విషయం.

చాలాచోట్ల మరిచిపోయేవి మూడు. మామూలు రాడ్‌తో వెల్డు కొడితే రంగు కలవదు, అతుకు దగ్గరే ముందు తింటుంది; కార్టెన్‌కు సరిపడే రాడ్ కావాలి. జింకు పూత పూసిన జీఐ బోల్టులు వాడితే వాటి జింకు త్వరగా కరిగిపోతుంది. మొదటి ఏళ్లలో కారే తుప్పు నీరు కింది రాతిని మరకచేస్తుంది. నీటిని పక్కకు తీసే వాలు ముందే పెట్టుకోవాలి, తర్వాత కడిగితే పోదు.

(దృశ్యం: పీఠం చుట్టూ పేర్లు. తర్వాత పునాది అడ్డకోత బొమ్మ.)

వ్యాఖ్యానం:
పీఠం మీద 45 మంది పేర్లున్నాయి. ప్రమాదానికి సరిగ్గా 50 ఏళ్లకు, 2010 జూన్ 28న, అప్పటి కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ రోవన్ విలియమ్స్ దీన్ని ఆవిష్కరించారు. ఆయనా వేల్స్ మనిషే.

పాత గనుల నేల మీద ఎత్తయిన విగ్రహం నిలబెట్టాలంటే పునాదే అసలు ఖర్చు. ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో 1998లో లేచిన ఏంజెల్ ఆఫ్ ద నార్త్ ఎత్తు కూడా 20 మీటర్లే, అదీ కార్టెనే, అదీ పాత బొగ్గుబాయి జాగాలోనే. 200 టన్నుల ఆ విగ్రహానికి పునాదిలో సుమారు 600 టన్నుల కాంక్రీటు పోసి, నేలలోకి దించే స్తంభాలైన పైల్స్‌ను 20 మీటర్ల లోతున రాతిదాకా దించారు. అంత అవసరమైంది విగ్రహం బరువు వల్ల కాదు, గాలి వల్ల. 54 మీటర్ల రెక్కలకు గాలి తోపు తగిలితే పునాది ఊగకూడదు.

ఇల్లెందులోనో, మందమర్రిలోనో, గోదావరిఖనిలోనో ఇలాంటిది కట్టాలనుకునేవాళ్లు డిజైన్ గీయించకముందే గని ప్లాన్ తెప్పించుకోవాలి. డీపిల్లరింగ్ చేసి, అంటే పైకప్పును మోసే బొగ్గు స్తంభాలను కూడా తవ్వేసి, గోఫ్ (తవ్వాక మిగిలిన ఖాళీ) వదిలిన చోటైతే నేల కుంగుతుంది, జాగా మార్చుకోవడమే నయం. ఉక్కు విషయంలో మాత్రం సింగరేణి వాతావరణం బాగానే సరిపోతుంది: నాలుగు నెలల వాన, తర్వాత నెలల తరబడి ఎండ. అదే విశాఖ తీరంలోనైతే సముద్రపు ఉప్పు కార్టెన్‌కు పడదు, ఇంకో లోహం చూసుకోవాలి.

ఇంకొకటి. కార్టెన్ మీద ఎవరైనా రంగుతో గీస్తే అక్కడ మాత్రమే తుడవడం కుదరదు. రంగుతోపాటు తుప్పు పొరా పోయి, మెరిసే మచ్చ తేలుతుంది. ఆ భాగమంతా బ్లాస్టింగ్ చేసి (ఇసుక లాంటి రేణువులను వేగంగా కొట్టి శుభ్రం చేసి), మళ్లీ తడుపుతూ ఆరబెడుతూ రంగు కలిపించాలి. చేతికందే ఎత్తుకు పైన ఉక్కును మొదలుపెట్టి, కింద రాతి పీఠం కడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.