తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు యాంటీబయాటిక్ చికిత్స

సభకు నమస్కారం.

మందు వేసుకోగానే జబ్బు తగ్గిందని మనమంతా అంటుంటాం గాని, ఆరోగ్యవంతుల ఒంట్లో యాంటీబయాటిక్ ఏనాడూ ఒంటరిగా పనిచేయదు. మందు బ్యాక్టీరియాను చాలావరకు చంపాక లేదా వాటి పెరుగుదలను ఆపాక, మిగిలినవాటిని పట్టి మింగేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. పెన్సిలిన్ ఎంత పోసినా కొన్ని స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా చావకుండా మిగులుతాయని 1944లోనే జోసెఫ్ బిగ్గర్ అనే ఐరిష్ శాస్త్రవేత్త గమనించి, వాటిని పర్సిస్టర్లు అన్నారు. అవి మందుకు నిరోధకత సంపాదించినవి కావు, విభజన మానేసి నిద్రాణంగా ఉన్నవి. వాటిని ఏరివేసే పని న్యూట్రోఫిల్స్‌ది.

క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ తరువాత ఆ కణాలే కరువవుతాయి. మైక్రోలీటరు రక్తంలో వాటి సంఖ్య 500 కంటే తగ్గితే ప్రమాదం బాగా పెరుగుతుంది. అప్పుడు ఇన్ఫెక్షన్ ఆనవాళ్లు కూడా కనబడవు: చీములో ఎక్కువ భాగం చచ్చిన న్యూట్రోఫిల్సే కాబట్టి చీము పట్టదు, న్యుమోనియా ఉన్నా తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే ఆధారం. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే భయపెట్టేది ఇదే.

అందుకే ఇక్కడ బ్యాక్టీరియా పెరుగుదలను ఆపి ఊరుకునే మందులను మాత్రమే నమ్ముకోరు. రక్తం కల్చర్‌కు, అంటే అందులో ఏ బ్యాక్టీరియా ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు తీసి, రిపోర్టు కోసం ఆగకుండా, సూడోమోనాస్ అనే ప్రమాదకర బ్యాక్టీరియాను సైతం చంపగల సెఫెపైమ్, పైపరాసిలిన్-టాజోబాక్టమ్ వంటి మందును గంటలోపే నరం ద్వారా మొదలుపెట్టాలి. మన దేశంలో క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా మెరోపెనెమ్ అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్‌కు కూడా లొంగకపోవడం తరచు కనబడుతోంది కనుక, ఏ మందు ఎంచుకోవాలో ఆ ఆసుపత్రి కల్చర్ రికార్డులు చూసే నిర్ణయించాలి. పైగా, మామూలుగా న్యూట్రోఫిల్స్ తుడిచిపెట్టే కొద్దిపాటి నిరోధక బ్యాక్టీరియా ఇలాంటి రోగిలో బతికి, మందు నడుస్తుండగానే పెరిగే అవకాశం ఉంది.

రోగిని చూసుకునే కుటుంబసభ్యులకు ఒక విన్నపం. జ్వరం ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్, అంటే 101 ఫారెన్‌హీట్, తాకినా, లేదా 38 డిగ్రీల వద్ద గంటసేపు నిలిచినా, పారాసిటమాల్ ఇచ్చి తెల్లవారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లి, క్యాజువాలిటీ డాక్టరుకు ముందుగా చివరి కీమో ఏ తేదీన ఇచ్చారో చెప్పండి.