ముందు ఇసుక, తర్వాత చేప

అందరికీ నమస్కారం. ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లే కాకుండా, ఇప్పుడిప్పుడే పెట్టాలనుకుంటున్నవాళ్లు కూడా ఇంతమంది రావడం చాలా సంతోషం. ఈ రోజు ఒక్క చేప గురించే మాట్లాడతాను. అదే జియోఫేగస్. అందరం ముద్దుగా 'జియో' అంటుంటాం. చాలామంది రంగు చూసి కొంటారు. నేను అడిగేది ఒక్కటే: డబ్బైనా ఆలోచనైనా ముందు ఇసుక మీద పెట్టండి, చేప సంగతి తర్వాత చూద్దాం.

ఇది మేత తినడం దగ్గరగా చూసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. తల కిందికి వంచి, మూతిని ఇసుకలోకి దింపుతుంది. నోటినిండా తీసుకుని కొంచెం పైకి లేచి, ఉన్నచోటే నిలబడుతుంది. దవడలు ఆడుతూనే ఉంటాయి. చేటలో బియ్యం చెరిగినట్టు లోపల ఇసుకను చెరుగుతుంది. మొప్పల సందుల్లోంచి ఇసుక సన్నటి ధారగా రాలిపోతుంది, మిగిలింది నోట్లోంచి బయటికి ఉమ్మేస్తుంది. పురుగు పిల్లో, విత్తనం ముక్కో దొరికితే అదే లోపలికి పోతుంది. మళ్లీ తల వంచుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ దానికి ఇదే పని.

అలాంటి చేపను రంగురాళ్ల మీద వదిలితే ఏమవుతుంది? ఒక రాయిని నోట పట్టుకుంటుంది, జారవిడుస్తుంది, ఇంకోటి పట్టుకుంటుంది. కొన్నాళ్లకు ఆ ప్రయత్నం కూడా మానేసి, పైనుంచి పడే పెల్లెట్ల కోసం, అంటే మేత గుళికల కోసం, ఎదురుచూస్తూ ఉంటుంది. బతకడం బతుకుతుంది. కానీ ఆ చేపను మనం నిజంగా పెంచుతున్నామని నేను ఒప్పుకోను.

మరి ఏ ఇసుక? రేణువు ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి, అంచులు నునుపుగా ఉండాలి. నది ఇసుకను సన్న జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా బకెట్లో కడిగితే చాలా బాగుంటుంది. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో పోసే సిలికా ఇసుక కూడా మంచిదే. గూడూరు, చిల్లకూరు వైపు నుంచి గాజు ఫ్యాక్టరీలకు వెళ్లేది ఆ జాతి ఇసుకే. ఇంటి పనికి తెచ్చిన రోబో శాండ్ మిగిలిందని మాత్రం పోయకండి. అది రాయిని పగలగొట్టి చేసింది, అంచులు పదునుగా ఉంటాయి, నోరు, మొప్పలు గీసుకుపోతాయి. బీచ్ ఇసుకలో గవ్వల పొడి ఉంటుంది, నీటి కాఠిన్యం పెంచుతుంది. అనుమానం ఉంటే ఒక చెంచా ఇసుక ఆరబెట్టి, దానిమీద వెనిగర్ పోసి చూడండి. చిన్న చిన్న బుడగలు లేచాయంటే అందులో సున్నం ఉన్నట్టే, పక్కన పెట్టేయండి.

ఒకటి నుంచి రెండు అంగుళాల మందం చాలు. పెద్ద రాళ్లు పెట్టాలంటే ముందు అడుగు గాజు మీద ఆనించి, ఆ తర్వాత ఇసుక పోయండి. ఇసుక మీద రాయి పెడితే ఇవి దాని కింద తవ్వేస్తాయి, ఒరిగిన రాయి గాజుకు తగులుతుంది. ఫిల్టర్ నీళ్లు పీల్చే గొట్టాన్ని కాస్త పైకి పెట్టి స్పాంజ్ తొడగండి, లేకపోతే ఇసుక లోపలికి పోయి, నీళ్లను తిప్పే చక్రం ఇంపెల్లర్‌ను అరగదీస్తుంది. నాటిన మొక్కల్ని పీకేస్తాయి, అందుకని అనూబియాస్, జావా ఫెర్న్ లాంటివి కొయ్యకు కట్టేయండి.

ఇక దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. నాటరర్ అనే ఆస్ట్రియా ప్రకృతి శాస్త్రవేత్త బ్రెజిల్‌లో 1817 నుంచి 18 ఏళ్లపాటు సేకరించిన చేపల్ని చూసి, హెకెల్ అనే చేపల శాస్త్రవేత్త 1840లో ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. మన దగ్గర ఎక్కువమంది అడిగేది ఇందులో తపజోస్ రెడ్ హెడ్ అనే రకం. అక్వేరియంలలో ఎన్నో ఏళ్లుగా పెరుగుతున్నా, దానికి జియోఫేగస్ పైరోసెఫాలస్ అనే శాస్త్రీయ నామం 2022లో గానీ రాలేదు. తపజోస్ నది శాంతారెమ్ దగ్గర అమెజాన్‌లో కలుస్తుంది. అమెజాన్ బురదగా పారుతుంటే, తపజోస్ నీళ్లు అద్దంలా ఉంటాయి. అందులో ఉప్పులు, సున్నం చాలా తక్కువ. ఒడ్డున తెల్లటి ఇసుక తిన్నెలు.

మరి మన బోరు నీళ్లు? హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో బాగా కఠినం. దీనికి టెన్షన్ పడక్కర్లేదు, ఫారాల్లో పుట్టిన రెడ్ హెడ్ ఓ మోస్తరు కాఠిన్యాన్ని తట్టుకుంటుంది. మరీ ఎక్కువైతే ఆర్వో నీళ్లు కలపండి. అది తట్టుకోలేనిది మురికి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేట్ పేరుకుపోతే తల మీద గుంటలు పడే జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వారానికి సగం నీళ్లు మార్చండి, నైట్రేట్ 20 పీపీఎం, అంటే లీటరుకు 20 మిల్లీగ్రాములు, దాటనివ్వకండి. వేడి 27 నుంచి 29 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. చలికాలంలో హీటర్ తప్పదు, ఎండాకాలంలో గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ తప్పదు.

పెద్దదైతే ఇది 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఒంటరిగా ఉంటే బెదురుతుంది. కనీసం ఐదారు కలిపి వేయాలి. దానికి ట్యాంక్ నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తక్కువలో తక్కువ. ఆరడుగులైతే ఇంకా మంచిది. ఎత్తు కన్నా ట్యాంక్ అడుగుభాగం వైశాల్యమే ముఖ్యం. సెవెరమ్‌లు, పెద్ద టెట్రాలు తోడుగా బాగుంటాయి. ఫ్లవర్‌హార్న్ ఉన్న ట్యాంక్‌లో మాత్రం దయచేసి వేయకండి, జియోది కొట్లాడే స్వభావం కాదు. మేత మునిగే సన్న పెల్లెట్లు, ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్. ఒకేసారి కుమ్మరించకుండా రోజుకు రెండు మూడు సార్లు కొంచెం కొంచెం వేయండి, వెతుక్కుని తిననివ్వండి.

బాగా కుదురుకుంటే జత కడతాయి. ఈ ప్రజాతిలో కొన్ని రకాలు పిల్లల్ని నోట్లో దాచుకుని పెంచుతాయి. పిల్లలు బయట తిరుగుతూ ఉండగా ఏదైనా నీడ పడిందంటే, పొలోమని పెద్దల నోట్లోకి దూరిపోతాయి. అది చూసినవాళ్లకు ఆ రోజు ఇంకే పనీ తోచదు.

పిల్లలు ఎక్కువైతే సమస్య మొదలవుతుంది. వాటిని చెరువులో వదిలేద్దామనే ఆలోచన ఎవరికీ రాకూడదు. అక్వేరియంల కోసం తెచ్చిన సక్కర్ ఫిష్ ఇప్పుడు మన చెరువుల్లో పడి, మత్స్యకారుల వలలు ఎలా చింపుతోందో మీకు తెలుసు. పిల్లల్ని షాపులో తిరిగి ఇవ్వండి, ఇక్కడున్న స్నేహితులకు ఇవ్వండి. తీసుకునేవాళ్లను ముందు ఇసుక పోశారా అని అడగండి, ఫొటో పంపమనండి, ఆ తర్వాతే చేపల్ని కవర్లో కట్టండి. ప్రశ్నలుంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.