ముందు గోనెపట్ట కప్పండి

వేదిక మీద ఎవరి పేరు ముందు చెప్పాలో, ఎవరిది వెనక చెప్పాలో నాకు తెలియదు. అందరికీ కలిపి ఒకటే నమస్కారం. పిల్లలకు యంత్రాలు, పేటెంట్ల గురించి చెప్పమన్నారు. నేను లేత్ పని చేసుకునేవాణ్ణి, కాగితం రాసుకొచ్చాను.

పిన్నీసు అందరింట్లో ఉంటుంది కదా. దాన్ని చేసింది వాల్టర్ హంట్ అనే అమెరికా ఆయన. 15 డాలర్ల బాకీ తీర్చడానికి తీగ వంచి చేశాడంటారు. 1849లో పేటెంట్ వచ్చింది, ఆ హక్కును 400 డాలర్లకు అమ్మేశాడు. అంతకు ముందే, 1830లలో, కుట్టుమిషన్ కూడా చేశాడు. దానికి మాత్రం పేటెంట్ పెట్టలేదు. చేత్తో కుట్టే ఆడవాళ్ల కూలి పోతుందని కూతురు అడ్డుపడిందట. 1846లో ఎలియాస్ హోవ్ తన మిషన్‌కు పేటెంట్ తెచ్చుకున్నాడు. తర్వాత కోర్టులో హంట్ పాత మిషన్ సంగతి ఎత్తినా, హక్కు హోవ్‌దే అన్నారు.

ఇక్కడితో కాగితం మడిచేస్తున్నాను. నా సంగతి చెప్తాను.

అనంతపురం జిల్లాలో సెనక్కాయల గురించి మీకు చెప్పేదేముంది? అమ్ముకునే కాయ మిషన్‌లో వేస్తాం. విత్తనానికైతే చేత్తో ఒలవాల్సిందే. మిషన్‌లో పప్పు బద్దలవుతుంది, పైపొర లేస్తుంది, అది మొలవదు. వానలకు ముందు మా అమ్మ రోజంతా ఒలిచేది. రాత్రి సంగటిలోకి ఊరిబిండి నంచుకుంటే పగిలిన వేళ్లు భగ్గుమనేవి.

విత్తనం కాయ ఒలిచే మిషన్‌లో నేను చేసింది పెద్దదేం కాదు. ఇనుము బదులు రబ్బరు పెట్టడం నాకంటే ముందే చేశారు. కాయ సైజును బట్టి జల్లెడ దగ్గర సందు మార్చడానికి, మిషన్ ఆపకుండానే తిప్పే పిడి ఒకటి పెట్టాను. అంతే. దానికే మూడు సీజన్లు పట్టింది. "పిడి ఏందిరా, రోకలిబండ మాదిరి ఉంది" అంది మా అమ్మ.

దాన్ని ఒక ఎగ్జిబిషన్‌లో పెట్టాను. ఎక్కడో అడగొద్దు. శాలువా కప్పారు. ఒకాయన వచ్చి లోపల ఎట్లుందో చూపించమన్నాడు. నేనే స్పానర్ తీసి విప్పి చూపించాను! ఆయన ఫొటోలు తీస్తుంటే పక్కన నిలబడి నవ్వాను కూడా. మరుసటి సీజన్‌కు నా పిడి ఇంకో ఊర్లో అమ్మకానికి వచ్చింది. నాది ఎరుపు, వాళ్లది నీలం.

పేటెంట్ ఏజెంట్ దగ్గరికి పోతే మొదటి ప్రశ్న, "ఎవరికైనా చూపించారా?" అని. శాలువా ఫొటో గర్వంగా తీసి చూపించాను. ఆయన తల పట్టుకున్నాడు. నలుగురిలో పెట్టేస్తే చట్టం దృష్టిలో అది కొత్తది కాదట. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనైతే 12 నెలల వెసులుబాటు ఉంటుంది. నాది అట్లాంటిది కాదు.

చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి భుజాల నొప్పి చూడలేక, చీర నేసే ముందు దారం చుట్టే ఆసు పనికి యంత్రం చేశారు. ఆమె పేరే పెట్టారు, పేటెంట్ తెచ్చుకున్నారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనా అమ్మ కోసమే చేశాడు, నేనూ అమ్మ కోసమే చేశాను. నాకు శాలువా మిగిలింది.

సార్, మీరు పంపిన చీటీ చూశాను, ముగిస్తున్నా. బాబూ, వెనక మాట్లాడుకునేవాళ్లు, ఇది వినండి. మన రాష్ట్రానిది చెన్నై పేటెంట్ ఆఫీసు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. సొంత పేరున పెడితే మొదటి ఫీజు 1600 రూపాయలు. అన్ని వివరాలూ సిద్ధంగా లేకపోతే ముందు తాత్కాలిక వివరణ ఇచ్చి, 12 నెలల్లో పూర్తిది ఇవ్వొచ్చు. సేద్యం చేసే పద్ధతికి పేటెంట్ ఇవ్వరు, సేద్యానికి వాడే యంత్రానికి ఇస్తారు. ఈ తేడా తెలియక మా వాళ్లు అడగనే అడగరు.

రిబ్బన్ కత్తిరించడానికి ఇంకా పది నిమిషాలుంది. వస్తూ హాల్లో చూశాను, కిటికీ పక్కన డ్రిప్పు పైపులు చుట్టే మిషన్ ఒకటి పెట్టారు. దాని గేర్ల అమరిక నేనెక్కడా చూడలేదు. ఎవరిది? నువ్వా తల్లీ, లేచి నిలబడు. దరఖాస్తు పెట్టావా? లేదా? నవ్వొద్దమ్మా. వాకిట్లో కాళ్లు తుడుచుకోవడానికి గోనెపట్ట వేశారు చూడు, అది తీసుకుపోయి మిషన్ మీద కప్పి రా. నువ్వొచ్చేదాకా మేమందరం ఇక్కడే కూర్చుంటాం.