లైసెన్స్ పరీక్షలో అడిగేది మిషన్ గురించి కాదు

మిత్రులారా, ఇక్కడ కూర్చున్న చాలామందికి సాఫ్ట్‌నర్, అంటే నీటి కాఠిన్యం తీసే మిషన్, బిగించడం చేతనవును. లోపల కాఠిన్యాన్ని పట్టుకునే పూసలు, అదే రెసిన్, మార్చడం, వాల్వ్ విప్పి శుభ్రం చేయడం కొత్త కాదు. "ఇంత పని వచ్చాక మళ్లీ పరీక్ష ఏమిటి?" అని అడుగుతున్నారు. మిషన్ పనిచేయకపోతే నష్టపోయేది ఆ ఒక్క ఇల్లే. దాన్ని మంచినీళ్ల లైనుకి తప్పుగా కలిపితే మాత్రం పక్కింటి నీళ్లు కూడా పాడవ్వచ్చు. లైసెన్స్ ఇచ్చేవాళ్ల భయమంతా అక్కడే.

డ్రెయిన్ పైపునే తీసుకోండి. బ్యాక్‌వాష్ నీళ్లు, అంటే రెసిన్‌ని కడిగిన నీళ్లు, పోవాలని ఆ పైపుని నేరుగా మురుగు గొట్టంలోకి దూర్చేస్తుంటారు. మంచినీళ్ల లైనులో ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతే నీళ్లు వెనక్కి లాక్కుంటాయి, వాటితోపాటు మురుగూ వస్తుంది. దీన్నే బ్యాక్‌ఫ్లో అంటాం. అందుకే పైపు చివరికీ మురుగు గొట్టం అంచుకీ మధ్య గాలి ఖాళీ ఉంచాలి. సాధారణంగా అది పైపు వ్యాసానికి కనీసం రెండింతలు. వాల్వూ లేదు, ఖర్చూ లేదు, ఉత్త ఖాళీ. అయినా ఎక్కువమంది వదిలేసేది దాన్నే.

ఇంకోటి, పాత ఇళ్లలో ఇనుప, రాగి నీళ్ల పైపుని కరెంటు ఎర్తింగ్‌కి కూడా వాడి ఉంటారు. మధ్యలో కోసి ప్లాస్టిక్ వాల్వ్ పెడితే ఎర్త్ తెగిపోతుంది. రెండు వైపులా క్లాంపులు వేసి రాగి తీగతో కలపాలి. ప్లంబర్‌కి కరెంటుతో పనేంటి అనుకోవద్దు. షాక్ కొట్టేది రేపు ఆ పైపు విప్పేవాడికి, అది మీరే కావచ్చు.

లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లకి ఒక ఉదాహరణ. నీటి కాఠిన్యం లీటరుకి 300 మిల్లీగ్రాములు, రోజు వాడకం 600 లీటర్లు అనుకోండి. రోజుకి 180 గ్రాముల భారం. లీటరు రెసిన్ 50 గ్రాములు పట్టుకుంటే, 20 లీటర్ల రెసిన్ అయిదున్నర రోజులు వస్తుంది. కాస్త నిల్వ వదిలి, అయిదు రోజులకోసారి ఉప్పునీళ్లతో కడిగేలా పెడతాం. ఆ 300 కాఠిన్యం పూర్తిగా తీస్తే దాని బదులు లీటరుకి దాదాపు 138 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఆ ఇంట్లో ఉంటే వంటింటి తాగునీటి కొళాయిని సాఫ్ట్‌నర్‌కి ముందే విడదీయాలి. ఈ ప్రశ్న ఇంటివాళ్లు అడగరు, మనమే అడగాలి.

రూల్స్ అన్నిచోట్లా ఒకటి కావు. అమెరికాలోనే చూడండి. కాలిఫోర్నియాలో ఈ పనికి సి-55 అనే ప్రత్యేక కాంట్రాక్టర్ లైసెన్స్ ఉంది. దానికి నాలుగేళ్ల అనుభవం చూపాలి, పని మీద ఒకటి, చట్టం-వ్యాపారం మీద ఒకటి పరీక్షలు రాయాలి. మిన్నెసోటాలో మాస్టర్, దాని కింద జర్నీవర్కర్ అని లైసెన్స్‌కి రెండు మెట్లు. కంపెనీ ఇచ్చే ట్రైనింగ్ సర్టిఫికెట్ ఎంత మంచిదైనా లైసెన్స్ కాదు. దాన్ని ఫ్రేము కట్టించుకోవచ్చు, పర్మిట్ మాత్రం రాదు.

అప్లికేషన్‌లో ఎక్కువమంది చిక్కుకునేది అనుభవం రుజువు దగ్గర. చేసిన ప్రతి పనికీ తేదీ, మిషన్ రకం, మీరు చేసిన భాగం ఈ రోజు నుంచే రాసిపెట్టుకోండి. ఎవరి కింద చేశారో ఆయన చేత అప్పటికప్పుడే సంతకం పెట్టించుకోండి. ఉద్యోగం మారాక పాత యజమాని ఫోన్ ఎత్తడు.