మరక భయం అమ్మిందీ వాళ్లే, అవార్డు కొట్టిందీ వాళ్లే!

ప్యాడ్ యాడ్‌లో రక్తం ఎర్రగా చూపిస్తే ఆరొందలకి పైగా కంప్లైంట్లా అండీ! ఆస్ట్రేలియాలో, 2019లో, లిబ్రా అనే ప్యాడ్ల బ్రాండ్ వాళ్ల "బ్లడ్ నార్మల్" యాడ్ మీదే ఈ గొడవంతా. స్నానం చేస్తున్న అమ్మాయి తొడ మీంచి సన్నగా రక్తం జారుతుంది, ఇంకో అమ్మాయి టేబుల్ దగ్గర అందరి ముందూ ప్యాడ్ ఉందా అని అడిగేస్తుంది, ఒక కుర్రాడు షాపుకెళ్లి ప్యాడ్లు కొంటాడు. అంతే! అదే టీవీలో కత్తితో పొడిచి బకెట్ల కొద్దీ రక్తం పారిస్తే మాత్రం కాళ్లు చాపుకుని చూస్తాం. అక్కడ యాడ్ల మీద ఫిర్యాదులు చూసే యాడ్ స్టాండర్డ్స్ సంస్థ వాళ్లు ఆ కంప్లైంట్లన్నీ కొట్టిపారేశారు, శభాష్.

కానీ నా మంట కంప్లైంట్ పెట్టినోళ్ల మీద కాదు, కంపెనీల మీద. ఈ సిగ్గుని పాలు పోసి పెంచిందెవరు మరి? బీకర్ లోంచి ప్యాడ్ మీద నీలం నీళ్లు పోస్తారు, చుక్క పక్కకి పోదు, వెంటనే తెల్ల ప్యాంటు వేసుకున్న అమ్మాయి ఎగిరి గెంతుతుంది. నేనైతే తొమ్మిదో క్లాసు దాకా అది ఇంకు పీల్చే అట్ట అనుకున్నా, నిజంగా, నవ్వకండి. అసలు తెల్ల ప్యాంటే ఎందుకు? మరక పడితే పరువు గంగలో కలిసిపోద్ది అనే భయం లోపలికి దిగాలి కాబట్టి! వాళ్లు అమ్మేది దూది కాదు బాబూ, భయం. ఇది నా థియరీ, తిట్టుకోండి, మార్చుకోను.

ఇంకోటి వినండి. 2012లో బ్రిటన్‌లో ఒకాయన ఫేస్‌బుక్‌లో, మీ యాడ్లు చూసి పీరియడ్స్ అంటే సరదా అనుకున్నా, అంతా అబద్ధమే కదా అని అక్కడి ప్యాడ్ల బ్రాండ్ బాడీఫామ్ వాళ్లని సరదాగా ఆడుకున్నాడు. వాళ్లేం చేశారు? కంపెనీ సీఈఓ వేషంలో ఒక నటిని కూర్చోబెట్టి, అవును అబద్ధమే సారీ అని చెప్పించి, ఆ నీలం నీళ్లు గ్లాసులో పోసుకుని తాగించారు! సూపర్ వీడియో, కాదనను. కానీ అబద్ధమని 2012లోనే ఒప్పుకున్నోళ్లకి ఎరుపు చూపించడానికి 2017 దాకా ఎందుకు పట్టింది? బ్లడ్ నార్మల్ మొదట వచ్చింది అప్పుడే, అదీ ఇదే బాడీఫామ్ పేరు మీద (లిబ్రా, బాడీఫామ్ రెండూ ఇప్పుడు ఒకే కంపెనీ బ్రాండ్లు లెండి). 2018లో కాన్స్‌లో జరిగే యాడ్ల అవార్డుల పండగలో గ్రాండ్ ప్రీ అనే పెద్ద బహుమతి కూడా కొట్టేసింది. యాడ్ బాగుంది, నేనూ చప్పట్లు కొట్టా, కానీ గోడ కట్టినోడే కూలగొట్టి దండ వేయించుకుంటే ఒళ్లు మండదా?

యాడ్లే కాదండోయ్, ల్యాబుల్లోనూ ఇదే తంతు. ప్యాడ్ ఎంత పీలుస్తుందో ఉప్పునీళ్లతోనో మామూలు నీళ్లతోనో చూసేవారంట. 2023లో అమెరికాలో ఒక టీమ్ 21 రకాల ప్రొడక్ట్స్ తీసుకుని నిజం రక్తంతో టెస్ట్ చేస్తే, ప్యాకెట్ మీద రాసినదానికీ లోపల పట్టేదానికీ చాలావాటిలో పొంతనే లేదు. బ్లీడింగ్ ఎక్కువవుతోందని వెళ్తే డాక్టరు అడిగేది రోజుకి ఎన్ని ప్యాడ్లమ్మా అనే కదా, మరి ఆ లెక్క దేంతో కట్టినట్టు, నీళ్లతోనా?

ఆ నీలం నీళ్లేంటో మీకు ఏ వయసులో అర్థమైందో కింద కామెంట్ పెట్టండి, మగాళ్లు కూడా, తప్పించుకోవద్దు.