వడ్రంగం షెడ్డు తాళం తీయండి

(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న సర్పంచ్ గారికి, గ్రంథాలయాధికారి గారికి, తోటి ఉపాధ్యాయులకి, ముందు వరసలో కూర్చున్న హైస్కూలు పిల్లలకి, గోడ పక్కన నిలబడ్డ తల్లులకి నమస్కారం. అమ్మా, ఈ చివర బెంచీ ఖాళీగానే ఉంది, వచ్చి కూర్చోండి. ఈ రోజు నవంబరు 20, వారోత్సవాలకి ఆఖరి రోజు. అయ్యంకి వెంకటరమణయ్య గారి గురించి, గ్రంథాలయోద్యమం గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నాకిచ్చిన అంశం ‘విద్యార్థులు – పుస్తక పఠనం’. ఆ విషయానికి వస్తాను. దానికంటే ముందు ఆ పుస్తకాలు పెట్టిన అలమారల గురించి చెప్పాలి.

ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఆ అలమారలు వేప చెక్కవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన హైస్కూలు ఆవరణలో వేపచెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. వంటచెరకుగా అమ్మేద్దామన్నారు. మన లెక్కల మాష్టారు అడ్డుపడి, పంచాయతీని ఒప్పించి, మొద్దుల్ని కోతమిల్లుకి పంపి పలకలు కోయించారు. రెండు పలకల మధ్య సన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేలా నీడలో పేర్చారు. చివర్లు పగలకుండా రంగు పూశారు. అంగుళం మందానికి ఏడాది ఆరాలని వడ్రంగుల లెక్క. పచ్చి కర్రతో చేస్తే తలుపైనా బల్లైనా వంకర పోతుంది. “ఇంకా ఎన్నాళ్ళండీ?” అని అందరూ అడిగేవారు. ఆయన తొందరపడలేదు. పాత అలమారలని చెదలు తినేసి, పుస్తకాలు నేలమీద గోనెపట్టాల మీద పడున్న రోజుల్లో ఈ వేప అలమారలు వచ్చాయి. వేప చేదు కనక పురుగు అంత తొందరగా దరిచేరదు. ఇన్నేళ్ళయింది, ఒక్క అర కుంగలేదు చూడండి.

మాష్టారు తుపానుకి ముందే, యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యారు. అప్పటికి అదే నియమం. మర్నాటి నుంచీ మన వడ్రంగి కొట్లో కింద కూర్చుని పని నేర్చుకోవడం మొదలుపెట్టారు. మొదట చాలా రోజులు సానరాయి మీద ఉలి నూరడమే పని. తరవాత రంపం, తరవాత చిత్రిక. తనకంటే వయసులో చిన్నవాడైన ఆ వడ్రంగిని ఈ రోజుకీ “గురువుగారూ” అనే పిలుస్తారు. ఊళ్ళో ఏమన్నారో మీకూ తెలుసు. “పెన్షనొస్తోంది కదా, ఇదేం ఖర్మ?” అన్నారు. “మేష్టారి పరువు పోతోంది” అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. నాకు అప్పుడూ కోపం వచ్చింది, ఇప్పుడూ వస్తోంది. మనం కూర్చునే కుర్చీ, పిల్లవాడు ఊగే ఉయ్యాల, దున్నే నాగలి చేసినవాడి పక్కన కూర్చుంటే పరువు పోవడమేమిటండీ?

ఇక్కడ ఒక సంగతి చెబుతాను. సభలో చెప్పేది కాదని కొందరు అనుకోవచ్చు. నేను చెప్పి తీరతాను.

మన వీధుల్లో ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చింది. మంచిదే. కాని అవన్నీ గొంతుక్కూర్చునేవి. మోకాళ్ళు అరిగిపోయిన ముసలమ్మ వాటి మీద ఎలా కూర్చుంటుంది? కూర్చుంటే ఎలా లేస్తుంది? ఒకామె ఆ భయంతో సాయంత్రం మంచినీళ్ళు తాగడం మానేసింది. రాత్రి అన్నం మానేసింది. కొడుకులు దూరాన ఉన్నారు, కోడలికి చెప్పుకోవడానికి సిగ్గు. ఆ మాట నా చెవిన పడితే నేను మాష్టారికి చెప్పాను. ఆయన టేపు పట్టుకుని వెళ్ళి ఆ దొడ్డి కొలుచుకొచ్చారు. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో కంత కోసి, అంచులు చేత్తో నిమిరినా గరుకు తగలకుండా ఆకురాయితో రుద్ది, రెండు పక్కలా చేతులు ఆన్చుకునేందుకు కర్రలు బిగించి, కాళ్ళకి రబ్బరు బుడిపెలు తొడిగి, నీళ్ళు ఇంకకుండా వార్నిష్ పూసి ఒక పీట చేశారు. సైకిలు వెనక కట్టుకుని, పట్టపగలే, వీధి మధ్యలోంచి తీసుకెళ్ళారు.

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “సదువులు సెప్పిన మేష్టారివి, నాకిలాంటి పీట సేసిపెట్టడమేటి బాబూ!” అంది. ఆయన, “కూర్చుని లేచి చూడమ్మా, ఎత్తు సరిపోయిందో లేదో చెప్పు” అన్నారు. ఆవిడ కూర్చుంది. పాదాలు నేలకి ఆనలేదు. రెండు వేళ్ళ ఎత్తు తగ్గించాలంది. మళ్ళీ సైకిలెక్కించి కొట్టుకి తెచ్చి, నాలుగు కాళ్ళూ కోసి, ఆ సాయంత్రమే ఇచ్చి వచ్చారు. ఆ తరవాత ఎన్ని ఇళ్ళనుంచి కబురొచ్చిందో! ఆడవాళ్ళు చీకటి పడ్డాక నా దగ్గరికొచ్చి, “మాష్టారికి మీరు చెప్పండమ్మా” అనేవారు. మొగవాళ్ళకీ మోకాళ్ళుంటాయి, వాళ్ళు అదీ అడగలేక ఊరుకునేవారు. విశాఖపట్నంలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలారా, ఈ సభ వీడియో మీ ఫోనుకి వస్తుంది. వారం వారం ఫోన్ చేసి అమ్మని “తిన్నావా” అని అడుగుతారు. దొడ్డికి వెళ్ళడం ఎలా ఉందో కూడా అడగండి.

సరే, బడి సంగతికి వస్తాను. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. తరవాత కొఠారీ విద్యా కమిషన్ చదువులో పని అనుభవం ఉండాలంది. మన హైస్కూల్లోనూ వడ్రంగం షెడ్డు ఉండేది, క్రాఫ్ట్ మాష్టారు ఉండేవారు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. ఆ పీరియడ్‌ని పరీక్షల సబ్జెక్టులు పంచుకున్నాయి. షెడ్డుకి తాళం పడింది. లోపల చెక్క బిగించే ఇనుప పట్టా, రంపాలు, బాడిసలు తుప్పు పడుతున్నాయి.

లెక్కల మాష్టారు ఇప్పుడు ఆదివారాలు తన వసారాలో పిల్లలకి పని నేర్పుతున్నారు. ఒకసారి అంగన్‌వాడీకి బల్ల చేస్తున్నారు. లెక్కలంటే పారిపోయే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు చట్రం బిగించాడు. ఎదురెదురు కర్రలు సరిగ్గా సమానం. అయినా పైపలక కూర్చోవడంలేదు. “మూల నుంచి మూలకి తాడు పట్టి చూడు” అన్నారు మాష్టారు. ఒక కర్ణం రెండోదాని కంటే అంగుళం ఎక్కువుంది. పొడుగున్న మూలల్ని వాడు చేతులతో లోపలికి నొక్కాడు. రెండు తాళ్ళూ సమానమయ్యాయి, పలక కూర్చుంది. “సార్, దీర్ఘచతురస్రం అయింది!” అని వాడు కేకపెట్టాడు. ఎదురు భుజాలతో పాటు కర్ణాలూ సమానమైతే అది దీర్ఘచతురస్రం అన్న ఆ సిద్ధాంతం తరగతి గదిలో నల్లబల్ల మీద వాడు ఎన్నిసార్లు చూశాడో! వాడి చేతికి అందింది మాత్రం ఆ రోజు.

ఇది నేను కొత్తగా కోరుతున్న కోరిక అనుకోకండి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలంది. ఆ వాక్యంలో వడ్రంగుల పేరే మొదట ఉంది. ఇక్కడికి దగ్గర్లోనే వరాహనది ఒడ్డున కర్ర బొమ్మలు చేసే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని తిప్పి, లక్క రంగు ఎక్కించిన ఆ బొమ్మలు 2025 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగాయి. టీవీలో చూసి చప్పట్లు కొట్టాం. మన పిల్లల్లో ఎంతమంది ఆ అంకుడు కర్రని చేత్తో పట్టుకున్నారు? ముందు వరసలో వాళ్ళనే అడుగుతున్నాను, చేతులెత్తండి.

చూశారుగా.

మాష్టారు శాలువా వద్దన్నారు, అందుకే వెనక అలమార దగ్గర కూర్చున్నారు. శాలువాకని పోగుచేసిన డబ్బుతో రంపాలకి పదును పెట్టించండి. తల్లిదండ్రుల కమిటీ వచ్చే సమావేశంలో షెడ్డు విషయం మొదటి అంశంగా పెట్టాలి. కప్పు కారుతోంది, రేకులు మార్చాలి, ఒక ట్యూబులైటు కావాలి. మన వడ్రంగి గారు వారానికి రెండు పూటలు వస్తానన్నారు, ఆయన కూలి నష్టపోకుండా గౌరవ వేతనం ఇవ్వాలి, ఉచితంగా రమ్మని అడగొద్దు. ఉలి పట్టేది మగపిల్లలే అని ఎవరూ అనుకోవద్దు, మాష్టారి వసారాలో చిత్రిక బాగా పట్టేది ఇద్దరు ఆడపిల్లలు. షెడ్డు బాగుచేతకి వచ్చేవాళ్ళు గ్రంథాలయాధికారి గారి బల్ల మీద పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్ళండి. పుస్తక పఠనం గురించి మాట్లాడే సమయం నాకు మిగల్లేదు, అధ్యక్షులు క్షమించాలి. సెలవు.