గడ్డానికి జానెడు దూరంలో

(కడపలో కుట్టుపని నేర్చుకుంటున్నవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వస్తూ వస్తూ ఒక రెడీమేడ్ కోటు తెచ్చాను. దీని పైజేబులోని రుమాలును బయటికి తీస్తున్నాను, చూడండి. పైకి మూడు కొసలు మెరుస్తున్నాయి. కింద ఉన్నది అట్టముక్క. దానికి రెండు వేళ్ల వెడల్పు పాలిస్టర్ గుడ్డ అతికించారు, అంతే. రిసెప్షన్‌లో పెళ్లికొడుకు గుండెల మీద, జీవితాంతం దాచుకునే ఫోటోల్లో, కనిపించేది ఇదే. దీన్ని చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ముప్పై ఏళ్లుగా కోట్లు కుడుతున్నాను. రుమాలు రంగును అందరూ కోటును చూసి ఎంచుకుంటారు. ముఖాన్ని చూసి ఎంచుకోవాలని చెప్పడానికే ఈరోజు వచ్చాను. పైజేబు గడ్డానికి జానెడు దూరంలో ఉంటుంది. చూసేవాళ్ల కంటికి ముఖం, ఆ రంగు ఒకేసారి పడతాయి.

మన ఆడవాళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. చీర కొనేటప్పుడు దుకాణంలోని లైట్లను నమ్మరు. గుమ్మం దాకా తెచ్చి, భుజం మీద వేసుకుని, వెంట వచ్చిన వదినను ఎలా ఉందో చెప్పమంటారు. రుమాలుకూ అదే పద్ధతి. పగటి వెలుతురులో మనిషిని నిలబెట్టి గడ్డం కింద ఒక ముక్క పట్టండి, తీసేసి రెండోది పట్టండి. గుడ్డను చూడకండి, ముఖాన్నే చూడండి. కంటి కింది నీడ పలచబడితే ఆ రంగు అతనిది. ముందు రుమాలే కనిపించి మనిషి వెనక్కి పోతే, అది ఎంత అందమైన రంగైనా పక్కన పెట్టేయండి.

ఒకసారి ఒక అబ్బాయి పెళ్లి కోటు కొలతలకు వచ్చాడు. మనిషి మంచి నలుపు. వెంట వచ్చిన పెద్దాయన, "మావాడికి ముదురు రంగులు నప్పవు, లేతవే చూడండి" అన్నాడు. అబ్బాయి తల దించుకున్నాడు. ఆ మాట చిన్నప్పటినుంచీ వింటున్నవాడిలా ఉన్నాడు. అరుగు మీద నిలబెట్టి ముందు లేత బూడిద రంగు ముక్క పట్టాను. జ్వరం నుంచి అప్పుడే లేచినట్లు కనిపించాడు. తర్వాత ఉల్లిపొట్టుతో అద్దిన రాగి రంగు పట్టు పట్టాను. చెక్కిళ్లకు వెచ్చదనం వచ్చింది, కళ్లలో తెలుపు తేటపడింది. పెద్దాయన ఏమీ అనలేదు. దగ్గరికి వచ్చి ఇంకోసారి చూశాడు. నల్లటివారికి రంగులు తక్కువన్నది పిల్లల చెవుల్లో మనం పోసిన అబద్ధం. ఇటుక ఎరుపు, రాగి, మామిడిపండు పసుపు ముదురు చాయ మీద పలికినంత చక్కగా ఇంకెక్కడా పలకవని నా అభిప్రాయం.

కోటు సంగతి కొంచెమే చెబుతాను. ముదురు నీలం కోటులో ముదురు నీలం రుమాలు కలిసిపోయి ఉన్నా లేనట్లే. టై, రుమాలు ఒకే గుడ్డలో కత్తిరించకండి. పెళ్లికూతురి చీరతో కలపాలనుకుంటే చీర ఒంటి రంగును వదిలేసి అంచు రంగు తీసుకోండి.

ఇక అద్దకం. రంగు వేయని తెల్ల పట్టు, 44 అంగుళాల పన్నాది, మీటరుంబావు తీసుకోండి. 14 అంగుళాల ముక్కలు తొమ్మిది వస్తాయి. మిగిలిన పేలికను పారేయకండి, రంగు పరీక్షకు కావాలి. అంచులను మిషన్ మీద కుట్టవద్దు. చేత్తో సన్నగా చుట్టి కుడితేనే మడతకు నిండుదనం వస్తుంది.

గుడ్డను కుంకుడు రసంలో నెమ్మదిగా ఉతికి గంజి, జిడ్డు పోగొట్టండి. తర్వాత పటిక. ఇక్కడ చిటికెలు, గుప్పిళ్లు పనికిరావు. పొద్దుటూరులో బంగారం తూచినట్లు తూచాలి. ఎండిన గుడ్డ బరువు వంద గ్రాములైతే పటిక పదిహేను గ్రాములు. గోరువెచ్చని నీళ్లలో కరిగించి, గుడ్డను రాత్రంతా నాననివ్వండి. పోగుకు, రంగుకు మధ్య ముడి వేసేది ఈ పటికే.

పటిక విషయంలో ఒకసారి తొందరపడ్డాను. పెళ్లి దగ్గర పడిందని రుమాలును పటికలో పెట్టకుండానే బంతిపూల రంగులో ముంచి ఇచ్చేశాను. మండపంలో ఉక్క, పెళ్లికొడుక్కి చెమట. మీగడ రంగు కోటు జేబు చుట్టూ పసుపు మచ్చ దిగింది. కోటు డబ్బు తిరిగి ఇచ్చాను కానీ, ఆ ఫోటోలను వెనక్కి తేలేను కదా! అప్పటినుంచి ప్రతి రుమాలునూ తడిపి, తెల్లగుడ్డలో చుట్టి, ఒక పూట బరువు కింద పెట్టి చూడనిదే ఇవ్వను.

రంగుకు మన సీమలో కొదవ లేదు. కర్నూలు ఉల్లి పొట్టు, అనంతపురం దానిమ్మ తొక్క పారేసే సరుకే. పండ్లరసం దుకాణంలో అడిగితే సంచి నింపి ఇస్తారు. గుడ్డ బరువుకు రెట్టింపు ఎండు తొక్కను గంటసేపు మరిగించి వడకట్టండి. పట్టును మాత్రం మరిగే నీళ్లలో వేయకూడదు, మెరుపు చచ్చిపోతుంది. నీళ్ల మీద ఆవిరి ఆడుతూ ఉండాలి, బుడగ లేవకూడదు. ముప్పావుగంట అలా ఉంచి, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి, నీడన ఆరవేయండి. స్టీలు గిన్నె వాడండి, దాన్ని మళ్లీ వంటకు వాడకండి.

దానిమ్మ పసుపుకు కసిమి అనే ఇనుప నీళ్లు తగిలితే పాచి ఆకుపచ్చగా, బూడిదగా మారుతుంది. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టి తీసే ఈ నీళ్లతోనే శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు నల్లటి గీతలు గీస్తారు. పట్టుకు కొన్ని చుక్కలు చాలు. ఇనుము ఎక్కువైతే పోగు కొరుక్కుపోతుంది.

మైదుకూరు వైపు పసుపు పండుతుంది కదా, అది వాడకూడదా అని అడుగుతారు. రంగు అద్భుతంగా ఎక్కుతుంది, కానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన చేతులకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఎర్రచందనం గురించీ అడుగుతారు. అది మన కొండల చెట్టే అయినా చట్టం కాపాడుతున్న చెట్టు. దాని ఎరుపు నీళ్లలో సరిగా దిగదు కూడా. ఎరుపు కావాలంటే మూలికల దుకాణంలో మంజిష్ఠ వేరు కొనండి. పటిక పట్టించిన పట్టు మీద ఇటుక ఎరుపు వస్తుంది. వేడి ఎక్కువైతే గోధుమరంగుకు తిరుగుతుంది, జాగ్రత్త.

నీలి సంగతి వేరు. ఒకప్పుడు కడప జిల్లా నీలిమందుకు పేరుపడ్డ నేల. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి మార్కెట్‌కు వచ్చాక మన నీలి చేలు క్రమంగా మాయమయ్యాయి. నీలికి పటిక అక్కర్లేదు. నీలిమందు ఒక వంతు, సున్నం రెండు, బెల్లం మూడు వేసి గోరువెచ్చగా ఉంచితే, నీళ్లలో కరగని ఆ నీలి కరిగి పసుపుపచ్చగా మారుతుంది. గుడ్డను ముంచి పైకి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ అంచుల నుంచి లోపలికి నీలం పాకుతూ వస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు చెయ్యి ఆగిపోతుంది. సున్నం పట్టుకు పడదు కాబట్టి నిమిషానికి మించి ఉంచకండి. చివర నిమ్మరసం చుక్కలు కలిపిన నీళ్లలో జాడించండి.

వరండాలో మూడు గిన్నెలు పెట్టాను. పటికలో నానిన ముక్కలు బకెట్లో ఉన్నాయి. ఉల్లిపొట్టు నీళ్లు ఈపాటికి సరిపడా వేడిలో ఉంటాయి. ముందు ఇద్దరిద్దరుగా గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడి, ఈ పేలికలను ఒకరి గడ్డం కింద ఒకరు పట్టి చూడండి. ఎవరికి ఏ గిన్నో తేలాక ముక్కలు తీసుకుందాం.